పాడని పండితురాలితో సొహార్ దాకా

మా అల్లుడు నన్ను సలాలా తీసుకెళతానని మూడు చలికాలాలుగా చెబుతున్నాడు. చలికాలంలో అక్కడ చూడ్డానికేమీ ఉండదంటాడు, వానలప్పుడు సెలవు దొరకదంటాడు. ఈలోగా నా వీసా అయిపోవడం, నేను కాకినాడ వెళ్లడం, మళ్లీ రావడం జరుగుతూనే ఉన్నాయి. అందుకని ఈ జనవరిలో పక్క ఫ్లాటు అమెరికా ఆవిడ “సొహార్ వెళ్లాలి, తోడొస్తారా?” అని అడగ్గానే, ఎందుకని కూడా అడగకుండా ఒప్పేసుకున్నాను. మస్కట్ నగరం అజైబాలో అమ్మాయి ఇంట్లో కూర్చుని ఎదుటి మేడ మీది డిష్ యాంటెన్నాలు చూడ్డం కంటే ఏ ఊరైనా నయమే కదా.

ఆవిడ పేరు రూత్. యాభై ఆరేళ్లుంటాయి. న్యూయార్క్‌లో సంగీతశాస్త్రం ప్రొఫెసరు. బాతినా తీరంలో బెస్తవాళ్లు వల లాగేటప్పుడు పాడుకునే పాటలు రికార్డు చేసుకోవడానికి మూడు నెలల పాటు వచ్చింది. నేను ఆడపిల్లల కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. పొద్దుటి నడకలో కలిశాం. ఆవిడ యూదుల మనిషి. యూదుల ప్రార్థనాలయంలో ప్రార్థనంతా పాటగా పాడి నడిపించే ఆయన్ని అమెరికాలో కాంటర్ అంటారట. సగం పురోహితుడు, సగం విద్వాంసుడు అనుకోండి. రూత్ తండ్రి ఆ ఉద్యోగంలో నలభై ఏళ్లు చేశాడు. స్వయంగా పాటలు కూడా కట్టాడు. ఆయనకప్పటికి తొంభై దాటాయి, ఆస్పత్రిలో ఉన్నాడు, పక్కన రూత్ తమ్ముడున్నాడు. సొహార్‌లో ఒకప్పుడు యూదు వర్తకులుండేవారనీ, వాళ్ల సమాధులు కొన్ని ఇంకా మిగిలాయనీ రూత్ ఎక్కడో చదివి తండ్రికి ఫోన్‌లో చెబితే, ఆయన “అంత దూరంలో వాళ్లెలా పడుకున్నారో చూసొచ్చి నాకు చెప్పు” అన్నాడట. ఆదివారం విమానానికి టికెట్టు తీసుకుంది. ఆలోగా సమాధులు చూసి తండ్రి దగ్గరికి వెళ్లాలని ఆవిడ ఆరాటం.

వెళ్లదలచినవాళ్లకి దారి చెబుతాను. రువీ నుంచి సొహార్‌కి బస్సుంది, రెండు మూడు రియాళ్లలో పోవచ్చు. కాని సమాధుల్లాంటి చోట్లకి బస్సు పోదు. టాక్సీ అయితే పోయి రావడానికి పాతిక దాకా అడుగుతారు, మన గొంతు గట్టిదైతే ఇరవైకి దిగుతారు. మాకు ఆ బేరం తప్పింది. రుసైల్‌లో మా అల్లుడి కంపెనీ డ్రైవరు మస్తాన్‌కి శుక్రవారం సెలవు, కారుకీ సెలవే. మస్తాన్‌ది కడప దగ్గర పల్లెటూరు. పెట్రోలు మేం పోయించేలా, అతనికి ఇవ్వాల్సింది ఇచ్చేలా మాట్లాడుకుని పొద్దున్న ఎనిమిదింటికి బయల్దేరాం. నేను ఇడ్లీలు, కారప్పొడి, బత్తాయిలు కట్టుకున్నాను. రూత్ ఒక సీసా నీళ్లు, ఒక టేపు రికార్డరు, చెక్కతో చేసిన చిన్న పిల్లనగ్రోవి తెచ్చుకుంది.

సీబ్ దాటాక దారంతా ఒకటే తీరు. ఎడమ పక్క దూరంగా కొండలు, కుడి పక్క ఖర్జూరపు తోటలు, వాటి వెనక కనపడని సముద్రం, మైలుకో రౌండెబౌటు. ఒక్కో రౌండెబౌటులో ఒక్కో బొమ్మ పెట్టారు, కూజా ఒకచోట, పడవ ఒకచోట. బర్కాలో మలయాళీల టీకొట్టు దగ్గర ఆగాం. టీ వంద బైసాలు, అందులో పంచదార పావు కిలో. ఆ టీ తాగాక రూత్‌కి మాటలు వచ్చాయి. బర్కా నుంచి సువైక్ దాకా ఆవిడ చెప్పింది కాంటర్ల సంగతులే. ఆవిడ రాసిన పుస్తకాలన్నీ వాళ్ల మీదేనట.

న్యూయార్క్‌లో ఒక ఆలయానికి కాంటర్ కావాలంటే, శనివారానికొకరిని పిలిచి పాడించేవారట. తీర్పు చెప్పేవాళ్లు ఊరి పెద్దలు, అంటే మాంసం కొట్టాయన, బొత్తాల వ్యాపారి, ఒక దర్జీ. ఒకాయన్ని గొంతు బాగుంది గాని మెడ పొట్టి అని పంపించేశారట. అచ్చం పెళ్లిచూపులన్నాను. పెళ్లిచూపులు ఒకసారి గట్టెక్కితే చాలు, కాంటర్‌కి మూడేళ్లకోసారి మళ్లీ చూపులేనంది. వారమంతా కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసి, రైల్లో నిలబడి ఊగుతూ పాటలు కట్టినవాళ్లున్నారట. ఆ పాటలు ఇప్పటికీ పాడతారు, కట్టినవాడి పేరు అడిగితే ఎవరికీ తెలియదు. రూత్ ముసలి కాంటర్ల దగ్గరికి టేపు రికార్డరు మోసుకెళ్లి వాళ్ల జ్ఞాపకాలు పట్టుకునేదట. ప్రతి ఆయనా మిగతా అందరికీ స్వరజ్ఞానం లేదని మొదలుపెట్టి, వాళ్ల పాటే పాడి చూపించేవాడట. మా గోదావరి జిల్లాల విద్వాంసులు అంత దూరం ఎప్పుడు వలస పోయారో నాకు తెలియదు.

ఇంకో సంగతి చెప్పింది. ఒకే ప్రార్థనని శుక్రవారం సాయంత్రం ఒక రాగంలో, శనివారం పొద్దున్న వేరే రాగంలో, ఉపవాసం రోజున ఇంకో రాగంలో పాడాలట. కళ్లకు గంతలు కట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టినా, పాట వినగానే ఏ పండగో, ఏ పూటో తెలిసిపోవాలట. అయితే శుక్రవారంది ఒకటి పాడండి అన్నాను. ఆవిడ సంచిలోంచి పిల్లనగ్రోవి తీసి ఊదింది. చాలా బాగుంది. ఇది సరే, నోటితో పాడండి అన్నాను. మగవాళ్లు వినేచోట నేను పాడనండీ అంది, మాంసం తిననండీ అన్నంత మామూలుగా.

ఎందుకో చెప్పేదాకా నేను వదల్లేదు. నేను పట్టుకుంటే వదలడం ఎంత అరుదో మా అల్లుణ్ణి అడగండి.

ఆవిడ చెప్పింది ఇదీ. తండ్రి ఇంటి ముందు గదిలో మగపిల్లలకి పాట నేర్పేవాడు. వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తూ ఈవిడకి అన్నీ వచ్చేశాయి. ఏడేళ్లప్పుడు ఎవరో పిల్లాడు ఒకే వరుస పదిసార్లు తప్పు పాడుతుంటే, విసుగొచ్చి లోపలినుంచి సరిగ్గా పాడి వినిపించింది. తండ్రి వంటింటి గుమ్మం దాకా వచ్చి “నీ జ్ఞాపకశక్తి బాగుంది” అని, తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయాడు. వాళ్ల శాస్త్రంలో ఆడదాని పాట మగవాడు వినకూడదట. పద్దెనిమిదేళ్లకి సంగీతం చదువుతానంటే తండ్రి సరేనన్నాడు, ఖర్చంతా తానే పెడతానన్నాడు. ఒక్కటే షరతు. తాను బతికున్నంత కాలం మగవాడి చెవిన పడేలా పాడకూడదు. ఆవిడ మాటిచ్చింది. అప్పటినుంచి ముప్ఫై ఏళ్లకు పైగా పాటల గురించి పుస్తకాలు రాసి, వందలమందికి పాటలు నేర్పి, అన్నీ పిల్లనగ్రోవి మీదా పియానో మీదా వాయించి నెట్టుకొచ్చింది. ఆవిడకి గొంతులో ఏదో జబ్బని విద్యార్థులు అనుకుంటారట.

కనీసం ఇంట్లోనైనా పాడుకోలేదా అన్నాను. విడిపోయేదాకా ఇంట్లో భర్త ఉండేవాడంది. భర్త కూడా వినకూడదా అంటే, శాస్త్రం ఒప్పుకుంటుంది గాని నేనిచ్చిన మాటలో అతనికి మినహాయింపు లేదంది. పోనీ ఆయన వెళ్లిపోయాకైనా పాడాల్సింది అన్నాను. కింది ఫ్లాటులో దంతవైద్యుడున్నాడట, గోడలు పలుచనట.

నేను ఇదంతా తెలుగులో చెబితే మస్తాన్ ఆశ్చర్యపోలేదు. “మా చెల్లెలు గూడా అంతే పెద్దమ్మా. పెండ్లిపాటలు బలే పాడ్తాది. మగోళ్లు వాకిట్లో ఉంటే నోరు తెరవదు.”

“మరి లోపల పాడితే వాకిట్లోకి వినపడదా ఏమిటయ్యా?”

“వినపడ్తాదిలే. విన్లేదనుకుంటాం.”

కడప ఈ విషయంలో న్యూయార్క్ కంటే ముందుందని రూత్‌కి చెప్పాను. ఆవిడ నవ్వింది. నేను మాత్రం ఆ ముసలాయన మీద సువైక్ నుంచి ఖబూరా దాకా పళ్లు నూరుతూనే ఉన్నాను. ఆవిడ అడ్డుపడింది. ఆయన వద్దనుంటే నాకు చదువే ఉండేది కాదు, మా వీధిలో మిగతా ఆడపిల్లలకి షరతులు కూడా దొరకలేదు, నేరుగా పెళ్లిళ్లే అంది. ఆ మాటకి జవాబు నా దగ్గరుంది గాని, పరాయి ఆవిడ తండ్రి, అందులోనూ ఆస్పత్రిలో ఉన్న మనిషి అని ఊరుకున్నాను.

ఖబూరాలో పెట్రోలు పోయించుకున్నాం. పదకొండు కావస్తోంది. చిన్న ఊరు. చేపల వాసన, గడ్డి మోపుల బండ్లు, శుక్రవారం నమాజుకి తలుపులు దింపుకుంటున్న కొట్లు. రోడ్డు పక్కన కార్డు ఫోను కనపడగానే రూత్ దిగింది. న్యూయార్క్‌లో అప్పుడు అర్ధరాత్రి దాటి రెండవుతుంది, కాని ఏ వేళప్పుడైనా చేయమని తమ్ముడు చెప్పాడట. నేను కార్లోనే కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాను. ఆవిడ ఎక్కువసేపు మాట్లాడలేదు. ఫోను పెట్టేసి, తిన్నగా నడిచొచ్చి, కారు పక్కన నిలబడి, నాన్న పోయారు, రెండు గంటలైంది అంది. తర్వాత మస్తాన్ వైపు తిరిగి, కత్తి ఏమైనా ఉందా అని అడిగింది.

బత్తాయిలకని తెచ్చిన చాకు నా ఒళ్లోనే ఉంది. నేను ఇవ్వలేదు, ఆవిడే తీసుకుంది. మెడ దగ్గర కుర్తా అంచుని పట్టుకుని, ఎడమ వైపు, గుండె మీదకి కత్తి పెట్టింది. నేను గబుక్కున ఆవిడ మణికట్టు పట్టేసుకున్నాను. అరవై ఆరేళ్ల దాన్ని, అంత వేగంగా కారు దిగుతానని నాకే తెలియదు.

“వదలండి. తండ్రి కోసం ఇది నేను చేయాలి” అంది.

అంచు మీద చిన్న గాటు పెట్టి, చాకు నాకిచ్చేసి, రెండు చేతులతో గుడ్డని బెత్తెడు చింపింది. రువీలో మొన్ననే కొన్న నీలం కుర్తా. ఆ చప్పుడు నాకింకా చెవిలో ఉంది. వాళ్ల భాషలో ఒక్క వాక్యం అంది. న్యాయం చేసేవాడు దేవుడేనని అర్థమట. వాళ్లలో తల్లిదండ్రులు పోతే గుండె మీది బట్ట చింపుకోవాలట, దాన్ని మళ్లీ ఎప్పటికీ సరిగ్గా కుట్టుకోకూడదట. మస్తాన్ అటు తిరిగి నిలబడ్డాడు.

ఎయిర్‌పోర్టుకి తిప్పేదా పెద్దమ్మా అని మస్తాన్ అడిగాడు. తిప్పు, ఇంకేం చేస్తావన్నాను. రూత్ వద్దంది. అక్కడ శుక్రవారం సూర్యాస్తమయం నుంచి వాళ్ల పుణ్యదినం మొదలవుతుంది, ఆ రోజున పూడ్చకూడదు, అందుకని ఇవాళ మధ్యాహ్నమే కానిచ్చేస్తారంది. మన గడియారంలో అది రాత్రి తొమ్మిది. ఏ విమానమూ అందుకోలేదు. కూతురు రాకుండానా అన్నాను. ఐసులో పెట్టి రెండ్రోజులు ఆగమని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి, కావాలంటే నేను మాట్లాడతానన్నాను. మాట్లాడి ఉండేదాన్నే.

“రాలేనివాళ్లు రాకపోవచ్చు. పోయినవాణ్ణి మాత్రం ఆపకూడదు” అంది రూత్.

మస్తాన్ స్టీరింగు మీద చేతులు పెట్టి, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. “మా దాంట్లో గూడా అంతే. మా నాయన పోయినప్పుడు నేను రుసైల్‌లో డ్యూటీలో ఉండా. నాకు తెలిసేటప్పటికే మట్టి ఇచ్చేసినారు.”

రెండేళ్లుగా అతని కారెక్కుతున్నాను. ఆ సంగతి నాకిప్పటిదాకా తెలియదు.

రూత్ సొహార్‌కే పోనిమ్మంది. ఎలా పడుకున్నారో చూసి చెప్పమన్నారు, చెప్పించుకునే మనిషి లేరు, చూడ్డమైనా చూస్తానంది. ఖబూరా నుంచి సొహార్ ముప్పావుగంట. కోట తెల్లగా, నిన్ననే సున్నం వేసినట్టుంది. చూడండి, బాగుంటుంది. మేం చూడలేదు. మస్తాన్ నమాజుకి వెళ్లాడు. మేమిద్దరం మసీదు దాటి ఒక చెట్టు నీడన కార్లో కూర్చున్నాం. ఆవిడ ఇడ్లీ ముట్టలేదు, నేనూ ముట్టలేదు.

మస్తాన్ వస్తూ ఒక ముసలాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. కాళ్ల దాకా వచ్చే తెల్ల దిష్‌దాషా, చేతికర్ర, నోట్లో రెండే పళ్లు. యహూదీల సమాధులనగానే ఆయన ఎందుకని అడగలేదు, ముందు సీట్లో ఎక్కి కూర్చుని కర్రతో దారి చూపించాడు. తోటలు దాటాక మెత్తటి ఇసుకలో కారు ఆపేశాం. తుప్పు పట్టిన తీగ కంచె, ముళ్ల పొదలు, వాటి మధ్య నేల అక్కడక్కడా ఉబ్బి ఉంది. కొన్నిచోట్ల రాళ్లు, కొన్నిచోట్ల పాత గచ్చు ముక్కలు. చెబితే తప్ప సమాధులని తెలియదు. బోర్డు లేదు, రాత లేదు. అవేనా అని రూఢిగా చెప్పేవాళ్లూ లేరు. మా తాత చెప్పాడని ముసలాయన అన్నాడు. మా వాళ్ల సమాధులు ఒక దిక్కుకి, వీళ్లవి వేరే దిక్కుకి, చూసుకోండి అని చేతికర్రతో గాలిలో రెండు గీతలు గీసి, తోటలో పని ఉందని నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

రూత్ ప్రతి గుట్ట దగ్గరా ఆగి, ఒక్కో చిన్న రాయి ఏరి పెట్టింది. తర్వాత నా దగ్గరికొచ్చి, క్లాసులో లెక్క చేసి చూపించినట్టు ఒక మాట చెప్పింది. తాను బతికున్నంత కాలం పాడొద్దని నాన్న అన్నారు. ఆ షరతు అయిపోయింది. రాత్రి తొమ్మిదికి ఆయన్ని మట్టిలో పెడతారు. అప్పటినుంచి ఏడాది పాటు నాకు పాట కూడదు. బతుకుతెరువు కోసం పాఠం చెప్పొచ్చు గాని, నా కోసం నేను పాడుకోకూడదు, వినకూడదు.

ఏడాదా అన్నాను. సంగీతం చదువుకున్న మనిషికి తండ్రి పోయిన ఏడాది సంగీతం కూడదంటే, ఆ నియమం పెట్టినవాడెవరో నాకు చూడాలనిపించింది. మరి ఈలోగానో అని అడిగాను. పోవడానికీ పూడ్చడానికీ మధ్య ప్రార్థన చేయకూడదట. పాట సంగతి అడిగితే ఆచారం గట్టిగా పట్టేవాళ్లు అదీ ఒప్పుకోరంది. “నాన్నయితే సందు వెతికేవారు. ఆయన కట్టిన పాట ఒకటుంది, పోయినవాళ్లని తలుచుకునే రోజున పాడేది. దానికి మాటల్లేవు. మాటల్లేకపోతే ప్రార్థన కాదు కదా.”

మస్తాన్‌కి ఇంగ్లీషు పూర్తిగా రాదు గాని, సంగతి అర్థమైపోయింది. నేను పోయి కారు కాడ ఉంటా పెద్దమ్మా అని కదిలాడు. నేను రూత్‌కి చెప్పాను.

“ఉండమనండి. మగవాడు వినకపోతే నేను పాడినట్టు కాదు” అందావిడ.

మస్తాన్ చేతులు కట్టుకుని, తల వంచుకుని, కంచె దగ్గర నిలబడిపోయాడు. రూత్ రెండుసార్లు గాలి పీల్చింది. నేను ధ్వని గురించి ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను. ఏ గొంతులోంచి ఏ స్థాయి రావచ్చో నాకు బాగా తెలుసు. ఆ నోట్లోంచి వచ్చింది ముసలి మగవాడి గొంతు. మంద్రంగా, బొంగురుగా, వరుస చివర ఎక్కిళ్లలాంటి చిన్న విరుపుతో, తొంభై ఏళ్లవాడికి ఊపిరి ఎక్కడ చాలదో సరిగ్గా అక్కడ ఆగుతూ వచ్చింది. మస్తాన్ తలెత్తి ఆవిడ వెనక్కి చూశాడు, ఇంకెవరో వచ్చారనుకుని.

ఆవిడకీ వినపడింది. సగంలో ఆపేసి చెయ్యి గొంతు మీద పెట్టుకుంది. మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి పైస్థాయిలో, ఆడదాని గొంతుతో పాడాలని. రెండు వరుసలు దాటలేదు, ఆయనే వచ్చేశాడు. మూడోసారి ఇంక పోరాడలేదు. ఆయన్నే చివరిదాకా పాడనిచ్చింది.

తిరుగు దారిలో సహమ్ దాటాం. అప్పుడు ఆవిడే అంది.

“అది మా నాన్న. నా గొంతు ఎలా ఉంటుందో నాకింకా తెలియదు.”

“ఏడాది ఆగి పాడి చూడండి” అన్నాను.

“అప్పుడూ ఆయనే వస్తే?”

“అప్పుడూ పాడండి. మనిషి వెళ్లేదాకా పాడండి. మా ఇంట్లో పాత అద్దెవాణ్ణి నేను అలాగే ఖాళీ చేయించాను.”

ఆవిడ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. పొద్దుట్నుంచీ కన్నీరు రావడం అప్పుడే చూశాను. సీబ్ దాటేసరికి చీకటి పడింది. తొమ్మిది కాకముందే ఆవిడ తన ఫ్లాటులోకి వెళ్లి తలుపేసుకుంది. పిల్లనగ్రోవి మా డైనింగ్ బల్ల మీద పెట్టి వెళ్లింది, వచ్చే జనవరి దాకా నన్ను ఉంచమని.

ఇది రాస్తున్నప్పటికీ నేను తేరుకోలేదు. అంత దారుణం ఎక్కడా చూడలేదని ఆ తండ్రిని తిట్టుకుంటూ వెళ్లాను. ఇప్పుడు తిట్టడానికి కూడా నా దగ్గర సరైన మాట లేదు. పాడనివ్వకపోవడం ఒక ఎత్తు. అన్నేళ్లు విననిచ్చి, వినిపించి, ఆవిడ గొంతులో ఇంకెవరికీ చోటు లేకుండా తానే నిండిపోవడం ఇంకో ఎత్తు. ఆయన తెలిసి చేశాడో తెలియక చేశాడో సొహార్ మట్టిని అడిగితే చెప్పదు, న్యూయార్క్ మట్టి అసలే చెప్పదు. ఒకటి మాత్రం నిజం. ఆ పాట అంత బాగా పాడే మనిషి ఇప్పుడు భూమ్మీద ఆవిడొక్కతే, అది ఆవిడ పాట కాకపోయినా. ఈ రెండూ ఒకే మనిషి విషయంలో ఎలా నిజమవుతాయో, చదువుకున్నదాన్ని, నాకు తెలియడం లేదు.

ఇక వెళ్లేవాళ్లకి ఒక సలహా. సొహార్‌కి శుక్రవారం వెళ్లకండి. పదకొండున్నర నుంచి రెండున్నర దాకా ఒక్క కొట్టూ ఉండదు, దారి అడగడానికి మనిషీ దొరకడు, సాయంత్రం మస్కట్ తిరిగొచ్చే కుటుంబాలతో రోడ్డు నిండిపోతుంది. బుధవారం వెళ్లండి, ఎండ ముదరకముందే ఆ ఇసుక నేల చేరుకోండి.